కామా దగ్గర ఆగిన అక్కాచెల్లెళ్లు

మా నర్సీపట్నం గ్రంథాలయంలో నేను నవలల బీరువా ముందు నిలబడిన మొదటి సాయంత్రం, నేను దారి తప్పానని లైబ్రేరియన్ గారు అనుకున్నారు.

"లెక్కల పుస్తకాలు అటువైపండీ," అన్నారావిడ, చేతిలోని పెన్నుతో గోడ వైపు చూపిస్తూ.

ఆవిడ తప్పేం లేదు. ఎన్నో ఏళ్లుగా నేను ఆ గోడ వైపే వెళ్లేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగిపోయింది నాకు. ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇటుక ఎంత పడుతుంది, సిమెంటు ఎన్ని బస్తాలు, ఇసుక ఎన్ని ట్రాక్టర్లు అని లెక్క కట్టి చెప్పడం నా వృత్తి. ఇది నాకు ఏ కాలేజీ నేర్పలేదు, గ్రంథాలయంలో కిటికీ పక్కనున్న బల్ల నేర్పింది. వైశాల్యాలు, ఘనపరిమాణాలు, కొలతలు, నిష్పత్తులు, అన్నీ అక్కడ కూర్చుని నేర్చుకున్నవే. ఒక పాత క్షేత్రగణితం పుస్తకంలో నాకంటే ముందు చదివిన పెద్దమనిషి ఎవరో ఒక లెక్క పక్కన పెన్సిల్‌తో "జవాబు తప్పు" అని రాసి పెట్టాడు. ఆ లెక్కతో కుస్తీ పట్టి పట్టి, చివరికి తప్పు పుస్తకానిది కాదు, ఆ పెద్దమనిషిదేనని తేల్చాను. ఆయనెవరో నాకిప్పటికీ తెలియదు. కానీ ఆ రోజు ఇంటికి వెళ్తూ దారిలో ఎదురైన ప్రతి ముసలాయన్నీ కొంచెం జాలిగా చూశాను. డబ్బున్నవాళ్లు పుస్తకం కొనుక్కుంటారు, నిజమే. కానీ కొన్న పుస్తకంలో ఇలాంటి స్నేహితులు దొరకరు.

నవలలు మాత్రం నేను ముట్టుకునేవాణ్ణి కాదు. జరగనివాటిని చదివి ఏం చేసుకుంటాం అనేది నా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని మార్చింది మా అత్తగారి కుడికన్ను.

మా అత్తగారిది సముద్రం ఒడ్డు ఊరు. చిన్నప్పట్నుంచి గంపలో చేపలు పెట్టుకుని బజారులో అమ్మిన మనిషి. శుక్లం ఆపరేషన్ చేయించడానికి మా ఇంటికి తీసుకొచ్చాం. ఆపరేషన్ బాగానే జరిగింది. నల్లకళ్లద్దాలు పెట్టి, వంగొద్దు, పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు, తలకి నీళ్లు పోసుకోవద్దు, టీవీ చూడొద్దు అని డాక్టరు చెప్పాడు. మొదటి మూడూ ఆవిడ ఒప్పుకుంది. నాలుగోది విన్నాక, ఆపరేషనే చేయించుకోకుండా ఉండాల్సిందని రెండు రోజులు గొణిగింది.

"సీరియల్లో ఆ కోడలికి ఇసం పెట్టేరో లేదో నాకెలా తెలుస్తాదే?" అని మా ఆవిణ్ణి అడిగింది.

"నాను సెప్తాను గదే అమ్మా."

"నువ్వు సెప్తే మూడు ముక్కల్లో అయిపోద్ది. ఇసం పెట్టేరు, తాగలేదు, బతికింది. అదేటి సెప్పడమే?"

మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పెళ్లిళ్ల కాలం కావడంతో మిషను మీంచి తల ఎత్తే తీరిక లేదు. అందుకని సూది నోట్లో పెట్టుకునే నా వైపు తిరిగింది. "మీరు రోజూ ఎల్లే ఆ లైబ్రరీలో కతల పుస్తకాలు ఉండవేటండీ? ఒకటి తెచ్చి సదివి ఇనిపించండి."

అలా వెళ్లి నిలబడ్డాను ఆ బీరువా ముందు.

పుస్తకం ఎంచుకోవడంలో నాకో పద్ధతి ఉంది. కంటి పరీక్షకి మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఎన్ని సాయంత్రాలు ఉన్నాయో లెక్క చూసుకున్నాను. సాయంత్రానికి ఎన్ని పేజీలు చదవగలనో అంచనా వేసుకున్నాను. ఆ రెంటినీ హెచ్చవేస్తే వచ్చినంత లావు నవల కోసం వెతికాను. ఒకటి దొరికింది. అట్ట ఊడిపోతే ఎప్పుడో బైండు చేయించారు, పేరున్న పేజీ కూడా పోయింది. ఆఖరి పేజీ తిప్పి సంఖ్య చూశాను. రెండు వందల ఎనభై ఎనిమిది.

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలి. పాత పుస్తకాలని పదహారేసి పేజీలు మడిచి, ఆ మడతల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి దారంతో కుడతారు. కాబట్టి మొత్తం పేజీల సంఖ్యని పదహారుతో భాగిస్తే శేషం రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో కాగితాలు చిరిగాయన్నమాట. రెండు వందల ఎనభై ఎనిమిదిని భాగించాను. పద్దెనిమిది సార్లు సరిగ్గా పోయింది, శేషం సున్నా. పుస్తకం నిండుగా ఉందని తేల్చుకుని, సంతకం పెట్టి తెచ్చేశాను.

అత్తగారు పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని ముందు వాసన చూసింది. తర్వాత అంచులు నొక్కి చూసింది. చేపలు కొనేటప్పుడు కూడా ఆవిడ అంతే.

"ఎంతకిచ్చేరు బాబూ?"

"ఊరికే ఇచ్చారత్తమ్మా. చదివి తిరిగి ఇచ్చేయాలి."

"ఊరికేనా?" పుస్తకాన్ని కొంచెం దూరంగా పెట్టింది. "ఊరికే ఇచ్చీ సరుకు మంచిదవుద్దేటి?"

"ఉత్తినే అంటే ఉత్తినే కాదు. ఇంటి పన్నులో గ్రంథాలయం పన్ను కూడా కలిపే కడతాం."

ఆవిడ నల్లద్దాలు నా వైపు తిరిగాయి. "పన్ను కట్టీసి, ఇన్నేళ్లూ నా కూతురికి ఒక్క కతల పుస్తకం తేలేదేటి నువ్వు? సేపలు కొనీసి గంపలోనే ఒగ్గీసొచ్చినట్టుంది గదా!"

మిషను ఆగింది. ఆ ఆగడమే చాలు.

మొదటి సాయంత్రం నేను ఒక పేజీ చదివేసరికి అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. "బాబూ, నువ్వు సదువుతుంటే కాంప్లెక్సులో మైకులో బస్సులు పిలిసినట్టుంది. ఏడిసినోళ్లని ఏడిసినట్టు సదవాల."

ప్రయత్నించాను. కథ ఇలా ఉంటుంది. తల్లి పోయాక ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉంటూ పోట్లాడుకుంటారు. ఇంటి మధ్యలో గోడ కట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ముసలివాళ్లవుతారు. చెల్లెలు ఎన్నోసార్లు రాజీకి చూస్తుంది. అక్క ఒప్పుకోదు.

గోడ దగ్గర నాకు ఇబ్బంది వచ్చింది. అంత పొడుగు గోడని ఒక్క మేస్త్రీ మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రానికి పైకప్పు దాకా లేపేశాడని రాశారు.

"ఇది కుదరదత్తమ్మా," అన్నాను పుస్తకం మూసి. "ఆ గోడకి కనీసం రెండు వేల ఇటుక పడుతుంది. ఇద్దరు కూలీలు అందిస్తున్నా రెండు రోజులు కావాలి. పైగా కింద వరసలు ఆరకుండా అంత ఎత్తు లేపితే పడిపోతుంది."

"పడిపోద్దా?" అంది ఆవిడ ఆశగా.

"పడిపోవాలి. కానీ పడిందని రాయలేదు."

"అయితే సదువు బాబూ. ఇటికలు తరవాత ఎంచుకుందువు."

నాలుగైదు సాయంత్రాలు గడిచాక నాలో ఒక మార్పు గమనించాను. పగలు ఎవరింటికో కొలతలు తియ్యడానికి వెళ్లినప్పుడు, టేపు పట్టుకుని, ఆ చెల్లెలు ఈ రోజైనా గోడ అవతలికి మాట వినిపించేలా దగ్గుతుందా అని ఆలోచిస్తున్నాను. ఒకసారి వంటగది పొడుగు రెండుసార్లు రాసుకుని, వెడల్పు రాసుకోవడం మరిచిపోయాను. మా ఆవిడ మిషను కూడా, చదువుతున్నంతసేపూ ముఖ్యమైన చోట్ల ఆగుతోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే శుభలేఖ వచ్చింది.

మా అత్తగారికీ ఒక చెల్లెలు ఉంది. ఒకే ఊరు, రెండు వీధులు తేడా. ఇద్దరూ బజారులో పక్కపక్కన కూర్చుని చేపలు అమ్మేవాళ్లు. అక్క జ్వరంతో పడుకున్న ఒకరోజు, అక్కకి వాడుకగా ఉన్న ఇంటికి చెల్లెలు చేపలు వేసింది. జ్వరం తగ్గాక కూడా ఆ ఇంటివాళ్లు చెల్లెలి దగ్గరే కొన్నారు. అంతే. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మా పెళ్లికి కూడా ఆ చెల్లెలు రాలేదంటే లెక్క వేసుకోవచ్చు. ఇప్పుడు ఆవిడ మనవరాలికి పెళ్లి. శుభలేఖ ఇవ్వడానికి ఆవిడ కొడుకు అంత దూరం నుంచి మా ఇంటికి వచ్చాడు.

అత్తగారు కుర్చీలో కదలకుండా కూర్చుంది. నల్లకళ్లద్దాల వెనక నిద్రపోతోందో, మేలుకుని ఉందో తెలియదు. అతను "పెద్దమ్మా, పెద్దమ్మా" అని పిలిచి, పిలిచి, శుభలేఖ ఆవిడ ఒళ్లో పెట్టి, టీ తాగి వెళ్లిపోయాడు. అతను మెట్లు దిగగానే ఆవిడ శుభలేఖ తీసి వాసన చూసింది.

"అమ్మా, ఎల్లాల," అంది మా ఆవిడ. "పిన్ని పిలిసింది గదా. ఇంకెన్నాల్లే?"

"అది పిలవనేదు. కొడుకుని పంపింది."

"మరి నీకు ఒంట్లో బాగోలేదని తెలిసి అడిగించింది గదా."

"నాను ఎల్లను."

"అమ్మా!"

"ఒలే, గోల సెయ్యకు." బజారులో బేరం ముగించే గొంతుతో అంది, "బాబు సదువుతున్న పుస్తకంలో పెద్దది ఉంది గదా. అది ఏటి సేస్తే నానూ అదే సేస్తాను. అది మాటాడిందా, పెల్లికి ఎల్తాను. మాటాడనేదా, ఇంక మీరు నన్ను అడక్కూడదు."

మా ఆవిడ నా వైపు చూసింది. అప్పటికి ఇంకా ఇరవై పేజీలే ఉన్నాయి. అంత పెద్ద నిర్ణయాన్ని ఇరవై పేజీల మీద పెట్టడం నాకు సబబుగా అనిపించలేదు. కానీ మాట ఇచ్చింది నేను కాదు.

మర్నాడు సాయంత్రం మిషను మొదట్నుంచే ఆగి ఉంది. మా ఆవిడ కింద కూర్చుంది. కథలో పెద్ద వాన. రాత్రి. చెల్లెలు గోడ చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చి, అక్క వాకిట్లో నిలబడి తలుపు కొడుతుంది. అక్కా, అని పిలుస్తుంది. నేను ఏడుస్తున్నవాళ్లని ఏడుస్తున్నట్టే చదువుతున్నాను. పేజీ తిప్పాను. రెండు వందల ఎనభై ఎనిమిది.

"పెద్దావిడ లేచి, దీపం వత్తి పెంచి, గడప దాకా వచ్చి, గొళ్లెం మీద చెయ్యి వేసి," అని చదివాను.

ఆ తర్వాత అట్ట.

"సదువు," అంది అత్తగారు.

"అయిపోయిందత్తమ్మా."

"ఏటి అయిపోయింది? సెయ్యేసి?"

"సెయ్యేసి... కామా."

"కామా అంటే?"

"ఇంకా ఉందని."

ఆవిడ పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, చివర వేళ్లతో తడిమింది. అట్టకీ ఆఖరి కాగితానికీ మధ్యన తెగిన దారం పోగులు వేళ్లకి తగిలాయి. "బాబూ, ఇది తోక లేని సేప," అంది. "సూసుకోకుండా ఎలా తెచ్చేవు?"

అప్పుడర్థమైంది నాకు. పదహారు పేజీల మడత ఒకటి పూర్తిగా ఊడిపోతే, మిగిలినవాటిని పదహారుతో భాగించినా శేషం సున్నాయే వస్తుంది. నేను చివరి పేజీ సంఖ్య చూశాను గానీ, చివరి వాక్యం చూడలేదు. చదవడం వచ్చిన ఏ చిన్నపిల్లైనా ఆ కామా చూసి చెప్పేది. నేను భాగహారం చేశాను.

ఆ రాత్రి మా ఆవిడ వంటింట్లో నన్ను పట్టుకుంది. "ఇందులో ఏటుందండీ? రేపు లైబ్రరీకి ఎల్లి అడిగేనని, తీసిందని సెప్పీయండి. అంతే."

"తీసిందో లేదో తెలియకుండానా?"

"తెలిసినా తెలీకపోయినా పెల్లి ఎల్లుండే గదా!"

"నేను చూడని గదికి ఇటుకలెన్నో చెప్పను," అన్నాను. "ఇదీ అంతే."

"ఇటుకలు, ఇటుకలు," అని ఆవిడ గిన్నె కొంచెం గట్టిగా పెట్టింది.

పొద్దున్నే గ్రంథాలయం తలుపులు తీసేసరికి అక్కడున్నాను. లైబ్రేరియన్ గారికి విషయం చెప్పాను. ఆవిడ పుస్తకం తిప్పి చూసి, తలపట్టుకున్నారు. అంతలోనే పేపర్ల బల్ల దగ్గర ఇద్దరు తలలెత్తారు. ఒకాయన రిటైరైన తెలుగు మాస్టారు. రెండో ఆయన రిటైరైన బస్సు కండక్టరు. పేపరు ఒకటే, ఇద్దరూ చెరో సగం పట్టుకుని చదవడం వాళ్లకి అలవాటు. మాస్టారు రాజకీయాలు ముందు చదువుతారు, కండక్టరు గారు జిల్లా వార్తలు. మధ్యలో మార్చుకుంటారు.

"అక్కాచెల్లెళ్లు, మధ్యలో గోడ. ఆ నవలేనా?" అన్నారు మాస్టారు. "చదివానయ్యా. తలుపు తీస్తుంది. ఇద్దరూ కావిలించుకుని ఏడుస్తారు. ఆ ఏడుపు ఎంత బాగా రాశాడనుకున్నావ్!"

నా గుండె తేలికపడింది. అంతలో కండక్టరు గారు తన సగం పేపరు దించారు.

"ఏటండీ మాస్టారూ, తియ్యదండి. తలుపు అవతలే చెల్లెలు పోద్ది. నాను సదివి రెండు పూటలు అన్నం తిననేదు."

"నువ్వు చదివింది వేరే నవలయ్యా."

"మీరు సదివింది వేరే అండి. నాదే ఇది. నా సీట్లో కూకునే సదివేను. అదిగో, ఆ కుర్సీ."

"కుర్చీని బట్టి కథ మారుతుందా?"

లైబ్రేరియన్ గారు వేలు పెదాల మీద పెట్టుకుని "ష్" అన్నారు. ఇద్దరూ గొంతులు తగ్గించి మరింత కోపంగా పోట్లాడుకున్నారు. నేను కాగితం తీసి ఎవరి మాటకి ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించాను. మాస్టారుకి ఏడుపు అంటే ఇష్టం, కాబట్టి ఏ కథ చివరైనా ఏడుపు ఉందనే అంటారు. కండక్టరు గారికి చావులంటే ఇష్టం, పేపర్లో కూడా ముందు అవే చదువుతారు. ఇద్దరి మాటలూ సగం సగం తీసుకుంటే, అక్క తలుపు సగం తీసి, చెల్లెలు సగం చచ్చిపోవాలి. పక్క బల్ల మీద పోటీ పరీక్షకి చదువుతున్న ఒకమ్మాయిని, నువ్వెప్పుడైనా చదివావా అని అడిగాను.

"ఆప్షన్లేంటండీ?" అంది ఆ అమ్మాయి, తల ఎత్తకుండా.

"తీస్తుంది, తియ్యదు."

"రెండే అయితే గెస్ కొట్టేయండి. నెగెటివ్ మార్కులు లేవు కదా?"

ఉన్నాయని ఆ అమ్మాయికి ఎలా చెప్పను?

చివరికి దారి చూపించింది లైబ్రేరియన్ గారే. చుట్టుపక్కల గ్రంథాలయాల్లో ఉన్న తోటి ఉద్యోగులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. పుస్తకం పేరు లేదు కనక, ప్రతి ఒక్కరికీ కథ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది. ఒకాయన కథ అంతా విని, బాగుంది గానీ మా దగ్గర లేదన్నారు. ఇంకొకావిడ చివరేమైందో తెలిశాక తనకి కూడా చెప్పమన్నారు. నాతవరంలో దొరికింది.

"ఉందటండీ," అన్నారు లైబ్రేరియన్ గారు మెరుస్తున్న కళ్లతో. "కాకపోతే దాని మొదటి పేజీలు పోయాయట. ఆఖర్న మాత్రం 'సమాప్తం' అని ఉందట. చూసి మరీ చెప్పారు. సాయంత్రం తెరుస్తారు, వెళ్లండి. మీకు అక్కడ సభ్యత్వం లేదు, ఇంటికివ్వరు. అక్కడే కూర్చుని చదువుకోవాలి."

తల లేనిది అక్కడ, తోక లేనిది ఇక్కడ. రెండూ కలిపితే ఒక నిండు పుస్తకం. ఇలాంటి కూడికలు నాకెంత ఇష్టమో ఆవిడకి తెలియదు.

నేనొక్కణ్ణీ వెళ్లి చదివొస్తానంటే అత్తగారు ఒప్పుకోలేదు. "నా కూతురు నీకు ముందే నూరిపోసుంటాది. నువ్వు సెప్తే నాను నమ్మను. నా ముందర సదువు." ఆ రోజే కంటి పరీక్ష. మధ్యాహ్నం డాక్టరు కన్ను చూసి, ప్రయాణం చేయొచ్చు గానీ కళ్లద్దాలు తియ్యొద్దని చెప్పాడు. దాంతో సాయంత్రం షేర్ ఆటోలో, ఇద్దరు ఎరువుల బస్తాల వాళ్ల మధ్య నల్లకళ్లద్దాలతో మా అత్తగారు, ముందు డ్రైవరు పక్కన సగం బయటికి నేను, నాతవరం చేరాం.

చిన్న గది. నలుగురైదుగురు రైతులు పేపర్లు చూస్తున్నారు. లైబ్రేరియన్ పుస్తకం సిద్ధంగా పెట్టి ఉంచాడు. మెల్లిగా చదువుకోండి అన్నాడు. నేను మెల్లిగానే మొదలుపెట్టాను. కానీ అత్తగారికి చెవి కూడా కొంచెం మందం.

"గట్టిగా సదువు బాబూ!"

గట్టిగా చదివాను. గొళ్లెం మీద చెయ్యి వేసి, దగ్గర్నుంచి. రెండు పేజీలు అయ్యేసరికి గదిలో పేపర్ల చప్పుడు ఆగిపోయింది. ఒక పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవులండీ ఆవిడ? ఎందుకు తియ్యట్లేదు?"

"ఆగండి, సెప్తాను," అని అత్తగారు నన్ను ఆపి, వాళ్లకి కథ చెప్పడం మొదలుపెట్టింది. బాగా చెప్పింది. నాకంటే బాగా. కానీ గోడ గురించి చెప్పాల్సిన చోట చేపలొచ్చాయి. "అక్క జరంతో పడుకుంటే దాని వాడుకోల్లని పట్టీసిందండీ ఆ సెల్లెలు. జరంతో పడుకుంటే!" అంది. రైతులు అయ్యయ్యో అన్నారు. నేను గొళ్లెం ఉన్న పేజీలో వేలు పెట్టుకుని కూర్చున్నాను.

"సదవండి బాబూ," అన్నారు వాళ్లు.

చదివాను. ఆ అక్క గొళ్లెం మీద చెయ్యి వేసి, తల్లిని తలుచుకుంటుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకున్న సంగతి తలుచుకుంటుంది. గోడ కట్టిన రోజు తలుచుకుంటుంది. చెల్లెలు చేసినవన్నీ ఒక్కొక్కటీ తలుచుకుంటుంది. బయట వాన, పిలుపు. పిలుపు, వాన. తర్వాత వాన ఒక్కటే. అప్పుడు గొళ్లెం తీస్తుంది. తలుపు తెరుస్తుంది. వీధిలో ఎవరూ లేరు. సమాప్తం.

ముందుగా ఆ పెద్దాయనే తేరుకున్నాడు. "అంతేనేటి? అదేటి కతండీ!"

"తీసింది గదా," అన్నాడు ఇంకొకాయన.

"తీస్తే ఏటి లాబం?"

నాకు అసలు సమస్య వేరే. పందెం ప్రకారం లెక్క ఎటు తేలిందో అర్థం కావడం లేదు. తలుపు తీసింది నిజం. మాట్లాడలేదు, అదీ నిజం. మాట్లాడితే వెళ్తానని ఆవిడ షరతు. ఏ వైపు రాసుకోవాలి దీన్ని? జీవితంలో మొదటిసారి శేషంతో ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాను. మా ఆవిడ మొహం గుర్తొచ్చింది. తీసిందని చెప్పేస్తే పోయేది కదా అనిపించింది కూడా.

అత్తగారి వైపు చూశాను. నల్లద్దాల వెనక ఏముందో నాకు కనబడలేదు.

"బాబూ," అంది చివరికి. "లెక్కలు కడతావు గదా. సెప్పు. సెయ్యేసినకాడ్నించి గొల్లెం తీసీదాకా ఎంతయ్యింది?"

పేజీలు వెనక్కి తిప్పి చూశాను. "పదకొండు పేజీలత్తమ్మా."

"పదకొండు పేజీలు!" ఆవిడ బల్ల మీద అరచేత్తో కొట్టింది. లైబ్రేరియన్ కూడా ఉలిక్కిపడ్డాడు. "పదకొండు పేజీలు అలగ నిలబడి ఆలోసిస్తే, వానలో ఉన్న మనిసి ఎల్లిపోదేటి? సచ్చిందాకా అక్కడే నిలబడతాదనుకుందా? బుద్ధి లేని మనిసి!" కొంగు నడుముకి బిగించింది. "లెగు బాబూ. బేగి లెగు. మా ఊరికి ఆకరి బస్సు ఎన్నింటికుంది?"

నేను లేచేసరికి ఆవిడ గుమ్మం దాటింది. రైతులు కూడా లేచారు. ఒకాయన రోడ్డు మీదికి పరిగెత్తి, వెళ్లిపోతున్న షేర్ ఆటోని ఆపాడు. ఆటోలోంచి మా ఆవిడకి ఫోన్ చేశాను.

"ఏటయ్యిందండీ? తీసిందా, తియ్యలేదా?"

"అది తర్వాత. మీ అమ్మ పట్టుచీర, నీ బట్టలు సంచిలో పెట్టుకుని కాంప్లెక్సుకి వచ్చెయ్. మీరిద్దరూ ఇప్పుడే బయల్దేరుతున్నారు."

"అయితే తీసిందన్నమాట!"

"ఒలే," అని అత్తగారు పక్కనుంచి ఫోన్లోకి అరిచింది, "కంటి సుక్కల మందు మర్సిపోకు!"

ఆఖరి బస్సు అందింది. తల్లీకూతుళ్లు కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు కదిలేదాకా అత్తగారు డ్రైవరుని తొందరపెడుతూనే ఉంది.

నర్సీపట్నం గ్రంథాలయానికి మర్నాడు వెళ్లి విషయం చెప్పాను. మాస్టారూ, కండక్టరు గారూ ఇద్దరూ తాము చెప్పిందే నిజమైందని తీర్మానించుకున్నారు. తలుపు తీసింది కనక మాస్టారు గెలిచారట. చెల్లెలు పోయింది కనక కండక్టరు గారు గెలిచారట. పోవడం అంటే వెళ్లిపోవడం అని నేను చెప్పబోయాను గానీ, ఇద్దరూ అంత ఆనందంగా ఉన్నప్పుడు నాకెందుకని ఊరుకున్నాను. లైబ్రేరియన్ గారు నేను అడక్కుండానే నవలల బీరువా తాళం తీశారు. ఈసారి నాకోసమే ఒకటి తీసుకున్నాను. మొదటి వాక్యం చదివి మరీ తీసుకున్నాను.

ఆ రోజే పెళ్లి. మధ్యాహ్నం ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని అది చదువుతుంటే ఫోన్ మోగింది. మా ఆవిడ. చుట్టూ సన్నాయి, జనం, గిన్నెల చప్పుడు.

"ఏటండీ, ఇనిపిస్తందా? ఇనండి," అని ఫోన్ ఎటో పట్టుకుంది.

రెండు ముసలి గొంతులు. ఒకటి నాకు బాగా తెలుసు.

"పులుసులో సింతపండు అంత పోస్తారేటే? సేప ఉందో నేదో తెలీట్నేదు."

"నీ నోరే పులుపు. అందరూ తింటన్నారు గదా."

"ఎవులు తింటన్నారు? సూడు, ఆల్లు ఎలా మొకాలు పెట్టేరో. అమ్మ ఉంటే ఈ పులుసు సముద్రంలో పారబోసీది."

"అమ్మ నాకే నేర్పింది పులుసు. నీకు నేర్పనేదు."

"నాకు నేర్పనేదా? ఒలే, నీకు నేర్పింది నానే! తే గరిట, ఇటు తే."

"ఇవ్వను."

"తే అంటన్నాను!"

మా ఆవిడ ఫోన్ మళ్లీ దగ్గరికి తీసుకుంది. ఆవిడ నవ్వుతోందో, ముక్కు ఎగబీలుస్తోందో నాకు సరిగ్గా తెలియలేదు.

"ఇన్నారా?"

"విన్నాను. ఎప్పుడొస్తున్నారు?"

"నానెల్లుండి వస్తాను. అమ్మ సంగతి తెలీదండీ. ఇద్దరూ ఇంకా పులుసు కాడే ఉన్నారు."